నంజమ్మ దాచిన దగ్గు

సోమల చుట్టుపక్కల ఎవరింట్లో ఆవు తన్నినా నంజమ్మకే కబురు వచ్చేది. తొలిచూలు ఆవులు, పొదుగు ముట్టనివ్వని ఆవులు, దూడ చచ్చిపోయి పాలు ఎగ్గట్టిన ఆవులు, అన్నీ ఆమె చేతికి లొంగేవి. మంత్రమూ లేదు, మాయా లేదు. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, నుదురు ఆవు డొక్కకు ఆనించి కాసేపు ఊరికే కూర్చునేది. ఆవు పాలు చేపేదాకా చన్ను పట్టేది కాదు. భర్త అంజినప్ప గొర్రెల వెంట గుట్టలు పట్టుకుని తిరుగుతుంటే, ఇంటి పాడి, కూతురు పుష్పావతి చదువు, ఆ తర్వాత కుప్పంలో ఆమె పెళ్లి, అన్నీ ఆ చేతుల మీదే జరిగాయి.

నలభై దాటాక ఒక చలికాలం, తెల్లవారి లేచేసరికి నంజమ్మ వేళ్లు ముడవడానికి రాలేదు. పొయ్యి దగ్గర కాచుకుంటే ఎండెక్కేసరికి సర్దుకున్నాయి. మరుసటి ఏడు ఎండెక్కినా సర్దుకోవడం మానేశాయి. కణుపులు ఉబ్బి, వేళ్లు ఒక పక్కకు వాలిపోయాయి. పుంగనూరులో ఒక ఆర్ఎంపీ ఇచ్చిన మాత్రలకు నొప్పి తగ్గింది గానీ ముఖం బూరెలా ఉబ్బింది. మాత్రలు ఆపిన వారానికే నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. రవికె హుక్కు పెట్టుకోవడానికి మొగుణ్ణి పిలవాల్సి వచ్చిన రోజు ఆమె గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఒక్క ఆవును ఉంచుకుని తక్కినవి అమ్మేశారు. ఆ ఒక్కటీ అంజినప్ప చేతికి సగం పాలు కూడా ఇచ్చేది కాదు.

మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు కీళ్లవాతానికి కొత్త సూదిమందు పరీక్షిస్తున్నారనీ, జబ్బు ఉన్నవాళ్లను చేర్చుకుంటున్నారనీ పాల సెంటర్లో ఎవరో అన్నారు. నంజమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది.

అక్కడ రోగులను చూసుకునే నర్సు జాస్మిన్. మిషన్ ఆసుపత్రి కాంపౌండులో పుట్టి పెరిగిన పిల్ల. రక్తపరీక్షలు, ఎక్స్‌రే అన్నీ అయ్యాక వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది.

"అమ్మా, ఇది ఇంకా పరీక్షలో ఉండే మందు. కొందరికి మందు పడతాది, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు పడతాయి. ఎవరికి ఏది పడేదీ నాకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు. చీటీలు వేసినట్టు కంప్యూటరు వేస్తాది. ఇంకోమాట జాగ్రత్తగా వినండి. ఈ మందు కీళ్ల మంటను అణిచేటప్పుడు ఒంట్లో ఉండే కాపలాను కూడా అణుస్తాది. లోపల యాడన్నా టీబీ నిద్రపోతాంటే అది లేచే భయం ఉండాది. మీ పరీక్షల్లో ఏమీ కనపడలేదు. అయినా దగ్గు వచ్చినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా ఆ రోజే నాకు ఫోను చేయాల."

"సేస్తాను తల్లీ," అంది నంజమ్మ.

అదే మాట కెమెరా ముందు మళ్లీ చెప్పించారు. చదువు రానివాళ్ల దగ్గర అలా తీసుకోవాలట. నంజమ్మ కొంగు సర్దుకుని, ఎర్రగా వెలుగుతున్న చిన్న దీపం వైపు చూస్తూ, "నా ఇష్టంతోనే సేరుతాండాను. దగ్గొస్తే సెప్తాను," అంది.

బయటికొచ్చాక అంజినప్ప ఆగాడు. "మే, లోపల నిద్రపోయేది లేస్తాదంటాండారే. మనకి యాల ఇది?"

"లేసినపుడు సూద్దాం. ఈ సేతులతో బతికేది మాత్రం ఒక బతుకా?"

పదిహేను రోజులకొక సూది. మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత ఒక తెల్లవారుజామున లేచి, నిద్రమత్తులో చెంబు అందుకుని, నీళ్లు తాగి, చెంబు కింద పెట్టాక గానీ ఒంటిచేత్తో పట్టుకున్నానని ఆమెకు తట్టలేదు. అంజినప్పను లేపలేదు. కొట్టంలోకి పోయి ఆవు పక్కన కూర్చుంది. తపేలా నిండింది.

ఆసుపత్రి బల్ల మీద ఆమెకు ఒక తోడు దొరికాడు. చెంగల్రాయుడు, వెంకటగిరికోటలో దర్జీ. అతనిదీ అదే జబ్బు, అదే సూది. మనిషి సరదా మనిషి. జేబులో సూదీ దారమూ పెట్టుకొచ్చి, ఆమె ముందర దారం ఎక్కించి చూపించేవాడు.

"సూడమ్మా, నాకు పడింది మందే. ఉప్పునీళ్లకి ఇట్ల ఎక్కుతాదా?"

"నాకూ మందేనప్పా. ఆవునడుగు, సెప్తాది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నవ్వుతుంటే అతనికి దగ్గు తెర వచ్చేది. ఆమె అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు.

వానలు వెనకపట్టాక నంజమ్మకు దగ్గు పట్టింది. పొడిదగ్గు. కొట్టంలో వరిగడ్డి దుమ్మనుకుంది, అంజినప్పతోనూ అదే అంది. దుమ్ము లేనిచోటా వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పొద్దున లేస్తే రవికె వీపుకు అంటుకుని ఉండేది. జాస్మిన్ చెప్పినవన్నీ ఆమెకు గుర్తున్నాయి, ఒక్క మాటా మరిచిపోలేదు. ఫోను గూట్లోనే ఉంది. చెప్తే సూది ఆపేస్తారు. సూది ఆపితే వేళ్లు మళ్లీ పక్కకు వాలతాయి. కొత్తగా ఆమెకు ఇంకొక ఆశ కూడా పుట్టి ఉంది. కుప్పంలో పుష్పావతి కాన్పయింది, ఆడబిడ్డ. పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే చేతులు కావాలి.

ఆసుపత్రికి పోయే రోజు పొద్దున్నే ఆమె శొంఠీ బెల్లమూ దంచి ఉండ చేసుకుని బుగ్గన పెట్టుకునేది. డాక్టరు ముందు కూర్చున్నంతసేపూ గొంతు అణిగి ఉండేది. "దగ్గేమైనా ఉందామ్మా?" అంటే తల అడ్డంగా ఊపేది. బరువు చూసే రోజు ఎవరికీ చెప్పకుండా లోపల రెండు పావడాలు కట్టుకునేది.

ఒక విడత చెంగల్రాయుడు రాలేదు. ఆపై విడతా రాలేదు.

"రాయుడన్న యాడమ్మా?" అని జాస్మిన్‌ను అడిగింది.

జాస్మిన్ చేతిలో పని ఆపకుండానే, "ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదమ్మా, అది మా రూలు," అంది. ఆ తర్వాత ఆమె ముఖంలోకి తేరిపార చూసి, "మీకు దగ్గు లేదు కదా?" అని మరోసారి అడిగింది. అంతకు ముందెప్పుడూ రెండుసార్లు అడగలేదు.

"లేదు తల్లీ."

కుప్పం పోతూ నంజమ్మ వెంకటగిరికోటలో బస్సు దిగింది. బస్టాండు పక్క సందులో దర్జీ అంగడి తలుపు వేసి ఉంది. పక్కింటివాళ్లు లోపలికి దారి చూపించారు. చెంగల్రాయుడి భార్య మునిలక్ష్మమ్మ బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆమె నుదుటిన బొట్టు లేదు. నంజమ్మ ఆమెకెదురుగా కూర్చుంది.

"మదనపల్లెలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లమక్కా," అంది.

"నువ్వేనా ఆవుల నంజమ్మ? నీ మాటే సెప్తాండె." మునిలక్ష్మమ్మ చేట పక్కన పెట్టింది. "మొదట పొడిదగ్గు. ఆసుపత్రికి సెప్పు అంటే యినలా. సెప్తే సూది ఆపేస్తారు, మిషను తొక్కేదెట్ల అనె. పోయేముందర శొంఠీ బెల్లమూ బుగ్గన పెట్టుకోని పోతాండె. ఆడ దగ్గు రాకూడదంట. మెదడుకెక్కినాక గానీ బయట పడలా. ఆకర్న నన్నే ఎవరు నువ్వు అనె."

నంజమ్మకు గొంతులో దురద పుట్టింది. అణుచుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చెంగల్రాయుడి కోసమనుకుంది మునిలక్ష్మమ్మ.

"నీకట్లాంటివేమీ లేవు గదా?"

"లేవక్కా," అని లేచి వచ్చేసింది. సందు మలుపు తిరిగాక గోడ పట్టుకుని, ఒళ్లు కదిలిపోయేలా దగ్గింది.

ఆ రోజే వెనక్కి తిరిగి మదనపల్లె బస్సు ఎక్కి ఉంటే ఎలా ఉండేదో. ఆమె కుప్పం బస్సే ఎక్కింది. మనుమరాలిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసింది, నలుగు పెట్టింది, అరచేత్తో నీళ్లు పట్టి పోసింది. దగ్గు వచ్చినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకుని, భుజంలో దూర్చుకుంది. పుష్పావతి గుమ్మంలో నిలబడి మురిసిపోయింది.

"ఎంత బాగ పోస్తాండావుమా. నీ సేతులు మళ్లీ వచ్చేసినాయి."

కుప్పం నుంచి వచ్చిన వారంలోనే మదనపల్లె పోయి ఇంకొక సూది వేయించుకుంది. అప్పటికి అన్నీ తెలుసు. తెలిసే చెయ్యి చాపింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పుష్పావతి ఫోను చేసింది. "అమా, పాపకి దగ్గు. పాలు తాగల్యా. ఈడ డాక్టరు ఇంట్లో దగ్గేవాళ్లు ఎవరన్నా ఉండారా అంటాండాడు. మనింట్లో ఎవరూ లేరు గదా?"

నంజమ్మ ఫోను పెట్టేసింది. గుట్ట మీంచి గొర్రెలను తోలుకొస్తున్న అంజినప్పకు ఆమె వాకిట్లో ఎదురొచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. "మదనపల్లెకి పోవాల. ఇపుడే," అంది.

జాస్మిన్ ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టి, మాస్కు ఇచ్చి, తానూ ఒకటి కట్టుకుంది. తిట్టలేదు. ఎప్పటినుంచి అని అడిగింది. నంజమ్మ చెప్పింది. అంజినప్ప తలుపు దగ్గర నిలబడి భార్యను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"రాయుడన్న సంగతి నేను చెప్పి ఉంటే మీరు దాచేవాళ్లు కాదేమో," అంది జాస్మిన్.

"నాకు తెలుసు తల్లీ. వాళ్లింటికి పోయినా. తెలిసినాకే ఇంకో సూది ఏయించుకున్నా."

జాస్మిన్ తెమడ పట్టి ఇవ్వమని చిన్న డబ్బా ఆమె చేతికిచ్చింది.

తెమడలో టీబీ తేలింది. సూది ఆపేశారు. మాత్రలు మొదలుపెట్టారు. ఊపిరితిత్తి దాటి పోకముందే దొరికింది, అదృష్టం అన్నాడు డాక్టరు. పాపది మామూలు జలుబేనని తేలింది. అయినా దగ్గరగా ఉన్న బిడ్డ కాబట్టి నెలల తరబడి రోజూ మందు పోయాలన్నారు. పుష్పావతి తల్లితో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున కూడా పాప గురించే మాట్లాడింది.

మాత్రలకు దగ్గు సద్దుమణిగింది, ఒళ్లు తేరుకుంది. ఒళ్లు తేరుకుంటున్నకొద్దీ వేళ్లు బిగుసుకోసాగాయి. మొదట చిటికెనవేలు, తర్వాత దాని పక్కది. నంజమ్మ పొద్దున్నే వాకిట్లో కూర్చుని వాటిని చూసుకునేది. వేసవి వచ్చేసరికి ఆవును అంజినప్పే పిండుతున్నాడు.

మాత్రల కోర్సు ముగిసిన రోజు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఆ సూది మాత్రం ఇక జన్మలో వద్దన్నాడు. బయటికి వస్తుంటే నంజమ్మే ఆగి జాస్మిన్‌ను అడిగింది, కీళ్లకు వేరే ఏదైనా ఉందా అని.  అడిగినదానికి ఆమె అబద్ధం చెప్పలేకపోయింది.

"మాత్రలతో ఇంకో కొత్త మందు పరీక్ష మొదలవుతాండాది, ఏడాది పాటు మింగాల. మీకు సరిపోతాదో లేదో పరీక్షలు చేసి గానీ చెప్పలేము. దాంట్లోనూ ఇదే భయం ఉండాది. నేను మిమ్మల్ని రమ్మనడం లేదు. ఇంటికి పోయి ఇద్దరూ ఆలోచించుకోండి."

పుంగనూరులో బస్సు దిగారు. అంజినప్ప అడిగాడు. "పోవు గదా?"

 నంజమ్మ ఫోను అతని చేతికిచ్చి, కూతురి నంబరు నొక్కమంది. అతను నొక్కి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.

"పుష్పా," అంది. "ఈ తూరి పండగలకి బిడ్డను ఎత్తుకోని రావద్దు. ఒక ఏడు దాకా ఇంటిపక్కకే రావద్దు."

"యాలమా? ఇపుడు నీకు బాగయింది గదా?"

 అంజినప్ప ఫోను ఆమె చెవి దగ్గర్నుంచి తీయలేదు.

"వద్దంటే వద్దు బిడ్డా," అంది నంజమ్మ.