జాలీ కింద నీళ్లు

“ఈ గ్యాసు పాపకు ఎక్కితే ఏం గాను? ఇల్లు ఖాళీ చేసేస్తాం అంకుల్!”

పుట్టిల్లు వేంసూరులో పురుడు పోసుకుని, నెలల తరబడి తాళం వేసి ఉన్న అద్దె వాటాలోకి పసిబిడ్డతో తిరిగొచ్చిన భానుకు బాత్రూంలోంచి మురుగు వాసన గుప్పుమంది. కెమిస్ట్రీ చదివింది కనుక ఆ వాయువు పేరు కూడా తెలుసు. దాంతో భయం ఇంకా పెరిగింది.

ఇంటి ఓనరు పేరు ఆరోగ్యం. బొగ్గుబావిలో పంపు నడిపి రిటైరై, ఖానాపురం హవేలి ఏరియాలో ఈ ఇల్లు కట్టుకున్నాడు. ఏ కుళాయి కారినా తనే బాగుచేస్తాడు. బాత్రూంలో అడుగుపెట్టే ముందు బావిలోకి దిగుతున్నట్టే తలకు తువ్వాలు చుట్టి, పైపును స్పానరుతో తట్టి, గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకుంటాడు. “మొదలైనయ్ పైపుతోని ముచ్చట్లు!” అని భార్య సవరమ్మ వెక్కిరిస్తే, పెదవులమీద వేలు పెట్టి ఆగమంటాడు.

ఆ రోజు మాత్రం స్పానరు తీయలేదు. నేలమీద నీళ్లు పోయే కంతకున్న జాలీ ఎత్తి చూసి నవ్వాడు.

“వాడక లేక పైపు వంపుల నీళ్లు ఎండినయ్ బిడ్డా. మోరీ వాసన పైకి రాకుంట ఆపేది గా నీళ్లే.”

చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోసి, కిటికీ తెరిచాడు. కాసేపటికి భాను పాపను ఎత్తుకుని గుమ్మందాకా వచ్చి, భయం భయంగా ఊపిరి పీల్చింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

“ఇగ చెప్పు, ఇల్లు ఖాళీ చేస్తవా, పిల్లకు తానం పోస్తవా? ఊరికి పోయేటప్పుడు తాళంచెవి మా ఆమెకిచ్చి పో. వారానికో చెంబెడు నీళ్లు పోస్తది.”

ఇప్పుడు వేంసూరు బయలుదేరిన ప్రతిసారీ భాను పాపతో ఓనరు వాళ్లుండే మేడెక్కి, సవరమ్మ చేతిలో తాళంచెవి పెట్టాకే బస్సు ఎక్కుతుంది.