వెనక పలక విప్పి చూపించే యాదగిరన్న

మొన్న ఆదివారం మా ఆయన కొత్తగా కొన్న చిన్న గేమింగ్ కంప్యూటర్ ముందేసుకుని, దానిలో రంగు లైట్లు పెడతానని హాల్లో కూర్చున్నాడు. ముప్పై దాటినా బొమ్మల మోజు తీరని మనిషి. లైట్ల పట్టీ వెనక కాగితం ఒలిచాడో లేదో, ఆ జిగురు వాసన వంటింట్లో ఉన్న నాదాకా వచ్చింది. పోపు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. యాదగిరన్న పోయి ఏడాది దాటింది. మియాపూర్‌లో మా ఇంట్లో, పప్పు ముందు నిలబడి ఆయన కోసం ఏడుస్తానని నేనే అనుకోలేదు.

ఇంజినీరింగ్ అయ్యాక హైటెక్ సిటీలో మెట్టు ఎక్కని ఆఫీసు లేదు, దొరికిన ఉద్యోగమూ లేదు. చివరికి కూకట్‌పల్లిలో యాదగిరన్న కంప్యూటర్ దుకాణంలో చేరాను. మా నాన్న గవర్నమెంటు ఉద్యోగి. కూతురు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఆయనకు తలవంపులుగా ఉండేది. యాదగిరన్నది సిద్దిపేట వైపు. ఈ పనిలోకి రాకముందు పెళ్లి పందిళ్లకు సీరియల్ లైట్లు కట్టేవాడు. నేను మాటకు ముందొకటి, వెనకొకటి అండి తగిలిస్తుంటే, "జర ఆ అండీలు తగ్గియ్యి చెల్లె, నేనేమన్న పెండ్లికొడుకునా" అని ఆటపట్టించేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. కంప్యూటర్లో రంగు లైట్లు పెట్టించుకున్నవాళ్లు అవి చూద్దామని ఎంత ఆత్రపడినా వెంటనే స్విచ్ వేసేవాడు కాదు. ముందు కంప్యూటర్ తిప్పి, వెనక పలక విప్పి, ఏ వైరు ఎక్కడికి పోతోందో వేలుపెట్టి చూపించేవాడు. ఆ తర్వాతే వెలుగు. చాలామంది విసుక్కునేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ అది చాదస్తంలాగే ఉండేది.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఒకాయన, మూడేళ్లపాటు ఒక్కో భాగమే ఏరికోరి కొనుక్కుని కట్టుకున్న కంప్యూటర్ తెచ్చాడు. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. చంటిపిల్లను పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టి, లోపల నీలం వెలుగు కావాలని, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్లాడు. యాదగిరన్న ఆ పని నాకప్పగించి దవాఖానకు వెళ్లాడు.

అంత ఇరుకు డబ్బాలో కన్ను పోదు, వేలే పోతుంది. తడుముకుంటూ తడుముకుంటూ, ఐదు వోల్టుల పట్టీని పన్నెండు వోల్టుల పిన్నులకు తగిలించేశాను. పవర్ ఇవ్వగానే చిటుక్కుమంది, సన్నగా పొగ లేచింది. పట్టీ కాలింది, దాంతోపాటు మదర్‌బోర్డు మీద లైట్లకు కరెంటిచ్చే చోటు కూడా మాడింది. మిగతా కంప్యూటర్ బాగానే నడుస్తోంది కదా అని బుద్ధి గడ్డి తింది. కొత్త పట్టీ అతికించి, దానికి వేరే దారిలో కరెంటిచ్చి, మాడిన చోటును నల్ల టేపు కింద దాచేశాను. నీలం వెలుగు ఎంత బాగా వచ్చిందంటే నాకే ముద్దొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, సాయంత్రం యాదగిరన్న వెనక పలక విప్పుతాడని.

యాదగిరన్న తిరిగొచ్చి ఏమీ అడగలేదు. సాయంత్రం గచ్చిబౌలి ఆయన రాగానే, ఎప్పుడూ తానే విప్పే యాదగిరన్న ఆరోజు స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. నాలుగు స్క్రూలు. మూడోదాని దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"మీ బోర్డు నేనే మాడ్చానండి. టేపు కింద దాచిందీ నేనే," అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. నాలుగు కేకలేసినా బాగుండేది, మిగతా స్క్రూలు తనే విప్పి, టేపు పీకి చూసుకున్నాడు. యాదగిరన్న కొత్త బోర్డు తెప్పించి వేసిచ్చాడు. అయినా ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. వస్తామన్న ఆయన స్నేహితులూ రాలేదు.

మర్నాడు నేను మానేస్తానన్నాను. "గిరాకి పోయింది, సరే. నువ్వు గూడ పోతే ఎట్ల?" అంటూ చాయ్ తెప్పించాడు యాదగిరన్న. అప్పుడే తన సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఒక పందిట్లో సరిగా కుదరని వైరు అతుకును గుడ్డ వెనక దాచేశాడట. వంటాయనకు షాక్ కొట్టింది. మనిషి బతికాడు గానీ, అది తన తప్పని ఆయనతో చెప్పలేకపోయాడట. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదన్నాడు.

నా తప్పు ముందే తెలుసా అని అడిగాను.

"షటర్ కాడికే కాలిన వాసనొచ్చింది చెల్లె. నేనడిగినంక నువ్వంటే అది ఒప్పుకున్నట్టయితది. చెప్పినట్టు గాదు."

ఇప్పుడు మాదాపూర్ ఆఫీసులో నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఈమధ్య నా పొరపాటు వల్ల ఒక ప్రాజెక్టు పని మొత్తం ఆగిపోయింది. ఎవరి వల్లో ఎవరికీ అంతుపట్టక, మీటింగ్‌లో ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. నేను లేచి, నా వల్లేనని చెప్పాను. ధైర్యవంతురాలినైపోయానని కోతలు కోయను. ఇప్పటికీ అంతే భయం. భయపడుతూనే, ఎవరూ అడగకముందే చెప్పేస్తాను.