వరంగల్‌లో దిగడానికి ముందు

నాకు టైమ్‌టేబుల్ పిచ్చి ఉంది. విరుదునగర్‌లో ఒక మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్తాను. అక్కడ చేరిన రెండో ఏటి నుంచి ఆ స్కూలు టైమ్‌టేబుల్ వేసేది నేనే. ఎవరికి ఏ పిరియడు ఖాళీయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అందుకని, నాగపూర్‌లో ఉన్న మా చెల్లెలు కొత్తిల్లు కొనుక్కుని, చిత్తిరై నెలలో, అదే ఏప్రిల్లో, పాలు కాచి గృహప్రవేశం చేస్తున్నాం, నువ్వూ అమ్మా కలిసి రండి అని పిలిచినప్పుడు, రైలు టికెట్ల సంగతి పక్కన పెట్టి ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని గళ్ళు గీశాను.

మా వైపు నుంచి ఉత్తరాదికి వెళ్ళే రైలు ఒకటి నాగపూర్ మీదుగా పోతుంది. అది దారిలో వరంగల్‌లో ఆగుతుందని చూసిన క్షణం నుంచి నా బుర్ర అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. అమ్మ కోవిల్‌పట్టిలో ఎక్కుతుంది, నేను విరుదునగర్‌లో ఎక్కుతాను, మర్నాడు సాయంత్రం వరంగల్‌లో దిగిపోతాం. రాత్రికి లాడ్జి. తెల్లారాక ఒక పగలంతా ఊరు చూసి, సాయంత్రం నాగపూర్ వెళ్ళే ఇంకో రైలు అందుకుంటాం. మొదటి పిరియడు వేయిస్తంభాల గుడి, రెండోది భద్రకాళి, మధ్యలో భోజనం, మూడు నాలుగు కలిపి కోట. కోటలో నాలుగు వైపులా నిలబడి ఉండే రాతి తోరణాలకి విడిగా ఇరవై నిమిషాలు ఇచ్చాను.

ఆ కాగితం పట్టుకుని ఆదివారం బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్ళాను. అమ్మ అక్కడ మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో కూసునేది ఏ పిరియడ్లో?" అని అడిగింది. మోకాళ్ళ నొప్పి మనిషి. ఆ సంగతి నాకు తెలియక కాదు, గళ్ళు నిండుతున్న ఉత్సాహంలో మర్చిపోయాను. భోజనం తర్వాత అరగంట రాసిస్తానన్నాను.

"అది కాదు పాపా. సుమ్మా సూసేదానికి ఎవురన్నా ఊరికి పోతారా?"

మా ఇంట్లో సుమ్మా అంటే ఊరికే, పనేం లేకుండా అని. నలభై రెండేళ్ళ నన్ను ఇంకా పాపా అనే పిలుస్తుంది. ఆమె అన్న మాటలో అబద్ధం లేదు. మా అమ్మ పెళ్ళికి పోయింది, చావుకి పోయింది, ఆసుపత్రికీ మొక్కుబడికీ పోయింది. విళాత్తికుళం పక్కన మాకున్న రెండెకరాల నల్లరేగడిలో వాన పడితే మిరప, పడకపోతే ఏమీ లేదు. పడని ఏళ్ళల్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయింది. చూడ్డానికి అంటూ ఆమె పోయిన చోటు పాంచాలంకురిచ్చి కోట ఒక్కటే. అది కూడా నేను చదువుకునేటప్పుడు, మా స్కూలు పిల్లలకి తోడుగా ఎవరైనా పెద్దవాళ్ళు రావాలన్నారని పోయింది. కోటంతా తిరిగొచ్చి, గోడలు బాగా తుడిచి పెట్టారు అని మాత్రం చెప్పింది.

అయితే వరంగల్ వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది, అది నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక ఆఫీసరు కుటుంబం దిగింది. ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చారు. మేం ఇంట్లో మాట్లాడే తెలుగే ఆ ఇల్లాలూ మాట్లాడుతుందని తెలిసి అమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను. మునక్కాయలు కట్టగట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. మా వాళ్ళు కాని మనిషితో మన మాట మాట్లాడటం ఆమెకి అదే మొదలు. ఆవిడ రెండు నిమిషాలు విని, లోపలినుంచి పిల్లల్ని పిలిచింది. "మళ్ళీ అనండి, ఇందాక ఏమన్నారో మళ్ళీ అనండి" అని అమ్మ చేత మూడుసార్లు అనిపించుకుని, అందరూ కలిసి నవ్వారు. చెడ్డ నవ్వు కాదేమో, సరదా నవ్వే అయ్యుండొచ్చు. అమ్మ కూడా వాళ్ళతో పాటు నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం, "మనది తెలుగు కాదులే, ఏందో ఒకటి" అంది. ఆ తర్వాత ఆంధ్ర వైపు వాళ్ళెవరు ఎదురైనా ఆమె అరవంలోనే మాట్లాడింది.

నాకు ఆ మునక్కాయల కట్ట మీద ఇప్పటికీ కోపం పోలేదు. ముప్ఫై దాటాక పట్టుబట్టి ఫోన్లో తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆ కోపంతోనే. గుడీ కోటా నిజానికి ఒక సాకు. మా అమ్మ ఇంట్లో మాట్లాడే మాట బజారులో జనమంతా మాట్లాడుకునే ఊరు ఒకటుంది కదా, ఆ ఊళ్ళో ఒక్క పగలు ఆమె నోరు తెరిచి మాట్లాడాలి. అదీ నేను కోరుకున్నది. ఆ మాట ఆమెతో అంటే అస్సలు రాదని తెలుసు కాబట్టి, తోరణాల గురించి చెప్తూ పోయాను.

మూడు ఆదివారాలు బతిమాలితే, "సరి, కారు మాదిరి ఏదన్నా ఉంటే సూద్దాం" అనేదాకా వచ్చింది. మెత్తబడింది కదా అని, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక వరంగల్ ఆటో ఆయన నంబరుకి అప్పటికప్పుడే ఫోన్ చేశాను. అమ్మకి వినబడాలని స్పీకర్ పెట్టాను.

ఇక్కడ మా వాళ్ళకున్న ఒక అలవాటు చెప్పాలి. కోవిల్‌పట్టిలో చీరల కొట్టుకి వెళ్తే కొట్టువాడితో అరవం, మాలో మాకు తెలుగు. ఈ రంగు వెలిసిపోయేదేనే, ఈ మనిషి మాట నమ్మొద్దే అని వాడి మొహం ముందే చెప్పుకుంటాం, వాడికి తెలియదు. బస్సులో, డాక్టరు ముందు, సంబంధం చూడ్డానికి వెళ్ళిన ఇంట్లో కూడా అంతే. పుట్టినప్పటి నుంచీ ఆ భాష మాకొక తలుపు, వేసుకుంటే బయటివాళ్ళకి ఏమీ వినబడదు.

నా సంగతి వినండి. వరంగల్‌కి ఫోన్ చేసి, నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. అక్షరాలు నేర్చుకున్నానని ఇంత గొప్ప చెప్పుకున్నాను కదా, అవతల మనిషి హలో అనగానే నాకు హలో సార్ తప్ప ఇంకేం తోచలేదు. ఆయన కూడా వచ్చీరాని ఇంగ్లీషులోనే, బొంగురు గొంతుతో, ఓకే మేడమ్, ఫోర్ట్ మేడమ్, ఫుల్ డే మేడమ్ అంటున్నాడు. పక్కనుంచి అమ్మ కొట్లో అన్నంత నింపాదిగా, అంత గట్టిగానూ అంది:

"ఈయప్ప గొంతు వింటివా? తాగినోడి గొంతు మాదిరి ఉండాది. ఈన్ని నమ్ముకుని పోతే మనల్ని ఏ అడివిలోనో దింపేసి పోతాడు."

అవతల దగ్గు వినబడింది.

"అమ్మా, నేను తాగలే," అన్నాడాయన. "నాలుగు దినాల సంది సర్ది పట్టింది, గొంతు పోయింది. అడివిల దింపను, కోట కాడనే దింపుత."

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఏం చేశానంటారా? నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే నేను, ఎర్ర బొత్తాం నొక్కి ఫోన్ కట్ చేశాను. తర్వాత నాకు నవ్వొచ్చింది, అమ్మకి రాలేదు. "ఆ ఊరే వొద్దు," అంది. "నేరుగా నాగపూర్‌కి టికెట్టు తియ్యి." ఇంకేం చెప్పినా అదే మాట.

విరుదునగర్ వెళ్ళాక ఆ వారమంతా నా మీద నాకే చిరాకు. సీట్లు త్వరగా అయిపోతాయి, వచ్చే ఆదివారానికల్లా ఏదో ఒకటి తేల్చుకోవాలి. చివరికి నేరుగా వెళ్ళే రైలుకే టికెట్లు తీసేద్దామని మనసు రాయి చేసుకుని, గళ్ళ కాగితాన్ని సంచీలో అడుగున పడేసి బస్సెక్కాను. దారి పొడుగునా, పెద్దదాన్ని పట్టుకుని లేనిపోని ఊళ్ళకి లాగుతున్నానేమో అని నన్ను నేను తిట్టుకున్నాను.

నేను చెప్పులు విడవకముందే అమ్మ అడిగింది. "ఆయప్పకి సలి పోయుంటుందా?"

జలుబు సంగతి. వారం రోజులుగా ఆమెని తింటున్నది సిగ్గు కాదట. ఒళ్ళు బాగాలేని మనిషిని తాగుబోతు అన్నాం, అది తప్పని ఒక్క మాట చెప్పకుండా ఫోన్ పెట్టేశాం. "మొకాన అట్టా అనేసి వొచ్చేస్తే ఎట్టా పాపా? నాకు నిద్ర పట్టలేదు. పోను సెయ్యి." నేను మాట్లాడతానులే అన్నాను. "అన్నది నేను కదా," అని చెయ్యి చాపింది.

నంబరు కలిపి ఇచ్చాను. స్పీకర్ పెట్టాక, ఆమె ఫోన్ పట్టుకున్న చేతుల్ని మోకాళ్ళ మీద ఆనించుకుని, దానికి మరీ దగ్గరగా వంగింది.

"అయ్యా, నేను కోవిల్‌పట్టి నించి మాట్లాడుతుండా. ఆ దినం నిన్ను తాగినోడంటిని కదా, ఆ ముసల్దాన్ని."

అవతల నుంచి పెద్ద నవ్వు వినబడింది. ఇంకో నవ్వు ఈమె తట్టుకోదు అనుకున్నాను. "గుర్తున్నదవ్వా!" అన్నాడాయన. "మా ఇంట్ల అందరికీ చెప్పిన. నా పెండ్లామైతే, అవ్వ సరిగ్గనే పట్టింది, నీ మాట ఎప్పుడూ గంతే అన్నది." అమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. ఆ తర్వాత ఆమె కూడా నవ్వింది. ఆఫీసరుగారింట్లో నవ్విన నవ్వు నాకు జ్ఞాపకం ఉంది కాబట్టి చెప్తున్నాను, ఇది అది కాదు.

"తప్పు సెప్తిని. మనసులో పెట్టుకోవాక," అంది. పెట్టుకుంటే మళ్ళీ ఫోన్ ఎత్తుదునా అన్నాడు. ఇంక అమ్మ ఆగలేదు. శొంఠీ మిరియాలూ దంచి తాటిబెల్లం వేసి కాచుకుని తాగమంది. ఎన్ని మిరియాలు, ఎంతసేపు కాచాలి, అన్నీ చెప్పింది. ఆమె మాట కొంత ఆయనకి పట్టుబడలేదు, ఆయన మాట కొంత ఆమెకి పట్టుబడలేదు, ఏందవ్వా అని ఆయన అడిగితే ఈమె వేరే విధంగా చెప్పింది. మీ దిక్కు ఏం పండుతుందని అడిగాడు. మిరప అనగానే ఆయనకి ఎక్కడలేని హుషారు వచ్చింది. తమ ఊళ్ళో మిర్చి యార్డు ఉందనీ, ఏప్రిల్లో వస్తే ఎటు చూసినా ఎర్రటి బస్తాలే ఉంటాయనీ, కండ్లల్ల నీళ్ళొస్తయనీ చెప్పాడు. అమ్మ నిటారుగా కూర్చుంది. తొడిమతోనే అమ్ముతారా, తుంచి అమ్ముతారా? ఎన్ని ఎండలు పెడతారు? మంచుకి నల్లబడితే ఏం చేస్తారు? మధ్యలో నా వైపు తిరిగి, రాసుకో అన్నట్టు చెయ్యి ఊపింది. నేను సంచీ అడుగునుంచి నలిగిన కాగితం తీసి, తోరణాలకిచ్చిన ఇరవై నిమిషాలూ కొట్టేసి, అక్కడ మిర్చి యార్డు అని రాశాను.

ఒకచోట ఆయన, "అర్థం కాలేదవ్వా, మళ్ళ చెప్పు," అన్నాడు. నాకు మనసాగలేదు. ముందుకి వంగి, "అదేమిటంటే అండీ, మా అమ్మ అంటున్నది..." అని పుస్తకాల తెలుగు అందుకున్నాను.

అమ్మ నా చెయ్యి పక్కకి తోసేసింది. "నువ్వుండు పాపా. సెప్తే ఆయప్పకి అర్తమౌతుండాది." మళ్ళీ ఫోన్‌కి వంగి, తన మాటలోనే, మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

ఏడుపొచ్చింది నాకు, దాచుకోవడానికేం లేదు. ఇంత సంతోషంగా ఏడ్చింది ఎప్పుడూ లేదు. రెండు టికెట్లు వరంగల్ దాకా, రెండు అక్కడినుంచి నాగపూర్‌కి, వెంటనే తీసేయాలని నా చేతులు ఊరుకోవడం లేదు. కానీ నా ఫోన్ ఆమె చేతిలో ఉంది. ఆమె మాటలు అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.