అల్గోదోన్‌లో అరుపు ఎక్కడ?

ఇప్పుడంటే ఫోనులో గంటల తరబడి స్పానిష్ మాట్లాడేస్తున్నాను గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఆ భాష నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించింది. మేము బతకడానికి వలస వచ్చిన సచిన్ అనే మగ్గాల ఊళ్లో, బట్టలు ఎగుమతి చేసే చిన్న ఆఫీసు మాది. మెక్సికోలో మా బట్ట కొనే ఒకావిడకు సరుకు జాబితా ఆమె భాషలోనే చదివి వినిపించాలని మా శేఠ్ పట్టుబట్టాడు. మూడు నెలల్లో నేర్చుకుంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే మళ్లీ ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీలు కుట్టడమే. పదాన్ని ముక్కలు చేయడం రెండు రోజుల్లో వచ్చేసింది (పోగులు విడదీసే ఇంట్లో పుట్టాను కదా). ఏ ముక్కను ఒత్తి పలకాలన్నదే అంతుచిక్కలేదు. చొక్కాను కమీస అంటారు, ఒత్తు మధ్యలో. పత్తిని అల్గోదోన్ అంటారు, చివరి ముక్క నెత్తిన గీత ఉంది కాబట్టి ఒత్తు అక్కడే.

ఒక్క గదిలో ఐదుగురం ఉండే ఇంట్లో చదువు సాగక, బాపు పనిచేసే మరమగ్గాల షెడ్డుకు పోయి ఆయన పక్కన నిలబడి వల్లించేదాన్ని. ఆ చప్పుడులో చెవి దగ్గర అరిస్తే తప్ప మాట వినపడదు.

"గిట్ల గొణిగితే ఎవ్వలకు ఇనవడ్తది బిడ్డా? ఒత్తాలన్న కాడ జర గట్టిగ ఒర్రు" అన్నాడు బాపు.

ఒర్రాను. బాపు తల ఊపితే పాసైనట్టు. నెల తిరిగేసరికి ఒత్తడమంటే అరవడమేనని నాకు ఖాయమైపోయింది.

పరీక్ష రోజున శేఠ్ తన ఏసీ గదిలో మెక్సికో ఆవిడకు ఫోను కలిపి స్పీకరులో పెట్టాడు. నేను "అల్-గో" అని మామూలుగా అని, "దోన్" దగ్గర షెడ్డులో అరిచినట్టే అరిచాను. శేఠ్ చేతిలో చాయ్ ఒలికింది. పక్క గదిలో వాళ్లు లేచి వచ్చారు. "బేటా, ధీరే, ధీరే" అని, మెల్లగా చదవమని ఆయన బతిమాలుతున్నా, ఆగితే ఒత్తు తప్పుతుందన్న భయంతో జాబితా చివరిదాకా అదే తీరున పోయాను. ఉద్యోగం పోయిందనుకుని జాబితా కాగితం మడిచేశాను. ఇంతలో ఆవిడ నవ్వు ఆపుకుంటూ జాబితా అంతా ఒక్క తప్పు లేకుండా తిరిగి చెప్పి, ప్రతి మాటా స్పష్టంగా వినపడింది, ఇకమీదట ఈ అమ్మాయే చదవాలంది.

కొన్నాళ్లకు ఆవిడ మా దగ్గర బట్ట కొనడం మానేసింది. ఆ తర్వాతే నాకు మెత్తగా మాట్లాడటం వచ్చింది. ఇన్నేళ్లకు మొన్న ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. పని మాటలయ్యాక, "ఇదివరకు మీ దగ్గర ఒకమ్మాయి ఉండేది, గట్టిగా చదివేది, ఎక్కడుంది?" అని అడిగింది. నేనేనని చెప్పడానికి సిగ్గేసి, మానేసిందన్నాను. "అయ్యో, మంచి పిల్ల" అందావిడ. అవునన్నాను.