రెండంచుల సాన

షహర్బానుది ప్రొద్దుటూరు. వాళ్ళ నాన్న బుడేన్ సాహెబ్ సానరాయి భుజాన వేసుకుని మటన్ కొట్లన్నీ తిరిగి కత్తులకు సాన పట్టేవాడు. ఆమె దుబాయ్ వచ్చింది మాత్రం ఐస్ హాకీ మైదానంలో ఆడవాళ్ళ గది తుడవడానికి. ఎడారిలో మంచు గడ్డకట్టించి దాని మీద ఆడుకునే ఊరిది. క్యాంటీన్లో చాయ్ పోసే నేను ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేశాను.

2023లో ఆడవాళ్ళ జట్టుకు మొదటిసారి శనివారం సాయంత్రం మ్యాచ్ ఇచ్చారు, టికెట్ పెట్టి మరీ. అప్పటిదాకా మగవాళ్ళు వదిలేసిన వేళల్లోనే వాళ్ళ ఆట. సరిగ్గా ఆ రోజే, స్కేట్ల కింది ఉక్కు పట్టీలకు సాన పట్టే రమీజ్‌ను మగవాళ్ళ జట్టు అబుదాబికి వెంటబెట్టుకుపోయింది. పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యని మర్యాద అంటే ఇదే.

జట్టులో ప్రేమ అనే అమ్మాయి ఉంది. నిజామాబాద్ నుంచి వచ్చి ఫుజైరా పోర్టులో పనిచేసే ఆయన కూతురు. మొద్దుబారిన స్కేట్లు పట్టుకుని బిక్కమొహం వేసింది. రమీజ్ మిషన్ నడపడం షహర్బాను రెండేళ్ళుగా చూస్తోంది. దాన్ని ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందనీ తెలుసు. అయినా ఉండబట్టలేక సాన పట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. నాన్న దగ్గర నేర్చిన చెయ్యి కదా, చివర్లో చేతిరాయిని కత్తికి లాగినట్టు ఏటవాలుగా రెండుసార్లు లాగింది. కత్తికి ఒకటే అంచు. స్కేటుకు రెండు, నడుమ సన్నని గాడి. ఆ రెండంచులూ మంచును పట్టుకుంటేనే మనిషి నిలబడేది.

ఆట మొదలైన నిమిషానికే ప్రేమ పడింది. లేచి మళ్ళీ పడింది. ప్రేక్షకుల్లో ఎవరో నవ్వారు. తన చెయ్యి ఒక అంచును తినేసిందని షహర్బానుకు అప్పుడు తెలిసొచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే వీసా పోతుంది, ఊళ్ళో కూతురి చదువు ఆగుతుంది.

విరామంలో ప్రేమ ఏడుస్తూ, తన కాళ్ళల్లోనే బలం లేదని, ఇక దిగనని కోచ్‌తో చెబుతోంది. ముదీర్, అంటే మా మేనేజర్, తలుపు దగ్గరే ఉన్నాడు.

"నీ కాళ్ళు బాగానే ఉండాయి బిడ్డా," అంది షహర్బాను. "సాన పట్టింది నేను. తప్పుగా పట్టినా."

అదే మాట ముదీర్ వైపు తిరిగి హిందీలో చెప్పింది.

ప్రేమ ముక్కు తుడుచుకుని స్కేట్లు విప్పింది. "ఇంక పది నిమిషాలున్నది ఆంటీ. మల్ల పట్టుండ్రి."

ఈసారి చేతిరాయి ముట్టకుండా మిషన్ మీదే పట్టింది. జట్టు ఓడిపోయింది, ప్రేమ మాత్రం మళ్ళీ పడలేదు. పొద్దున ఆఫీసుకు రమ్మన్నాడు ముదీర్. ఖలాస్ అనుకుని షహర్బాను పెట్టె సర్దుకుంది.

మర్నాడు వెళ్తే ఆఫీసు ముందు కాలు పెట్టడానికి చోటు లేదు. జట్టులోని పదిహేడు మందీ తమ స్కేట్లు వరసగా పెట్టి వెళ్ళారు. జతజతకూ ఒక చీటీ, ప్రతి చీటీ మీదా 'సానకు' అని, పక్కన షహర్బాను పేరు. ముదీర్ వాటిని దాటి బయటికి రాలేక, గుమ్మంలోనే నిలబడి ఆమె కోసం చూస్తున్నాడు.