రెండో సాక్షి

విజయనగరంలో రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా నాకో గది ఉంది. దస్తావేజులు రాసుకుని బతుకుతాను. రాయడమని పాత అలవాటు కొద్దీ అంటున్నాను గాని నేను కలం పట్టి రాసిందేమీ లేదు. అంతా కంప్యూటరే. ఇంకా నిజం చెప్పాలంటే కంప్యూటరులో కూడా నేను టైపు చేసేది బహు తక్కువ. అమ్మేవాడి పేరు, కొనేవాడి పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు. మిగతాదంతా మాక్రో చూసుకుంటుంది.

మాక్రో అంటే కంప్యూటరుకు ఒకసారి నేర్పిపెట్టిన పని. మీట నొక్కగానే చిన్న పెట్టె తెరుచుకుని పేరు అడుగుతుంది, ఊరు అడుగుతుంది. చెప్పినవన్నీ ఎక్కడివక్కడ అమర్చి, ‘నా పూర్తి ఇష్టంతోను స్వస్థబుద్ధితోను’ దగ్గర్నుంచి ‘చదివి వినిపించగా విని సరి అని ఒప్పుకొని’ వరకు తనే దింపేసి, చివరికి ప్రింటు కూడా తనే ఇచ్చేస్తుంది. వీటిని నేనే రాసుకున్నాను, ఎవరూ నేర్పలేదు. మా వీధిలో మిగతా రాతగాళ్ళు పాత దస్తావేజు తెరిచి పేర్లు మార్చుకుంటూ, ఎక్కడో ఒకచోట పాత పార్టీ తండ్రి పేరు ఉంచేసి ఆఫీసులో చివాట్లు తింటుంటే నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది, నామీద నాకే.

గది ముందు ఒక బల్ల ఉండేది. దానిమీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చునేవారు. వీలునామా రాయించుకునేవాళ్ళకు సాక్షులు వాళ్ళే. భూమి అమ్మకానికైతే పార్టీలు తమ మనుషుల్ని వెంటబెట్టుకొస్తారు, మాక్రో వాళ్ళ పేర్లు అడిగి వేస్తుంది. వీలునామా సంగతి వేరు. చుట్టాన్ని సాక్షికి పిలిస్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుందని భయం. “మాకేటీ సమ్మందం నేనోళ్ళుంటే సూడు బావూ” అంటారు. అలా బల్లమీది ఇద్దరి పేర్లూ వీలునామా మాక్రోలో స్థిరపడిపోయాయి. మాక్రో రాసే కిటికీలో తెలుగు పెడితే ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అందుకని పేర్లు టెంప్లేటులో, అంటే దస్తావేజు నమూనా ఫైలులో, విడిగా దాచి, మాక్రోలో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో సాక్షి ఒకటి, సాక్షి రెండు అని రాసుకున్నాను.

ఆ రెండో సాక్షినే నేను బాబాయి అని పిలిచేవాణ్ణి. చుట్టరికమేం లేదు. నాకు దస్తావేజు భాష నేర్పింది ఆయనే. టైపు మిషను రోజుల్లో ఈ వీధిలో ఆయన చేతికి ఎదురు లేదట. కళ్ళు మసకబారాక మిషను అమ్మేసి బల్లమీదకు వచ్చాడు. నా మాక్రోలను చూసి ఎగతాళి చేసేవాడు.

“ఒరే, నువ్వు నొక్కుతావు, అది రాస్తాది. మరి మద్దెన నువ్వెందుకురా?”

“నొక్కడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా బాబాయి” అనేవాణ్ణి.

ఒక వానాకాలం జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. శ్మశానానికి నేనూ వెళ్ళాను. పన్నెండో రోజు భోజనం చేసి వచ్చి, గది తెరిచి, ఆయన పేరు తీసెయ్యాలని కూర్చున్నాను. తీసెయ్యడం నా చేత కాలేదు. మాక్రోలో ఒక వాక్యం ముందు చిన్న పొల్లులాంటి గుర్తు పెడితే ఆ వాక్యం అక్కడే ఉంటుంది గాని పని చెయ్యదు. ‘సాక్షి రెండు’ ముందు ఆ గుర్తు పెట్టాను. ఆయన ఉన్నట్టూ ఉంటాడు, దస్తావేజుల్లోకి రాడు. దాని కింద, ఉత్త గీత మాత్రం గీసేలా కొత్త వాక్యం రాశాను. నడిపి చూశాను. రెండో సాక్షి దగ్గర ఖాళీ గీత వచ్చింది. కాసేపు ఏడ్చాను. కంప్యూటరు కట్టేసి ఇంటికి పోయాను.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది, కాస్త విప్పి చెప్పాలి. ఈ మాక్రోలన్నీ ఒక టెంప్లేటులో ఉంటాయి. ఆ టెంప్లేటును స్టార్టప్ ఫోల్డరులో పెడితే, టైపు చేసే వర్డ్ ప్రోగ్రాము తెరిచిన ప్రతిసారీ దానంతటదే వెనకాల తెరుచుకుంటుంది. కంటికి కనిపించదు, పని మాత్రం చేస్తుంది. దాన్నే యాడ్-ఇన్ అంటారు. అందులో మార్పు చెయ్యాలంటే సరిగ్గా ఆ ఫైలునే వెతికి తెరవాలి. నేను తెరిచింది జాగ్రత్త కోసం వేరే డ్రైవులో దాచుకున్న నకలును. మార్చింది నకలులో, నడిపి చూసింది నకలులో, కాబట్టి అంతా సవ్యంగానే కనిపించింది. మర్నాడు వర్డ్ తెరవగానే ఎప్పటిలాగే పాతదే వచ్చి కూర్చుంది. మార్చిన ఫైలును తీసుకెళ్ళి దానిమీద పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. వీలునామాలు రెండు మూడు నెలలకు ఒకటి వస్తాయి. ఈలోపు తప్పు బయటపడే సందర్భమే లేకపోయింది.

అప్పుడు వచ్చిందామె. నెల్లిమర్ల వైపు పల్లె, జూట్ మిల్లులో పని. మొగుడు వదిలేస్తే పదిహేనేళ్ళ కిందట పిన్ని దగ్గరకు చేరింది. ఆ పిన్నికి పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు. ఉన్నది ఆయన కట్టిన రెండు గదుల ఇల్లు. ఇప్పుడు పిన్ని మంచాన పడింది. కాగితం లేకుండా ఆవిడ కన్నుమూస్తే ఇల్లు భర్త తమ్ముడి కొడుకులకు పోతుంది, ఈమె రోడ్డున పడుతుంది.

“ఆలు ఒక్కనాడైనా వొచ్చి గుక్కెడు నీళ్ళియ్యనేదు బావూ. పిన్నే అంతాది, ఒసే, కాయితం రాయించీ, నాను పోయేక నిన్నుండనివ్వరు అని.”

వివరాలు చెప్పింది, నేను నొక్కాను. నాలుగు పేజీలు ప్రింటయ్యాయి. కుట్టి సంచిలో పెట్టాను. రెండో సాక్షిగా పక్క జెరాక్సు షాపాయనను రమ్మన్నాను. బల్లమీద మిగిలిన పెద్దాయన, జెరాక్సాయన, నేను, ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఆ మధ్యాహ్నం ఆఫీసులో రెండు రిజిస్ట్రేషన్లకు స్లాటు ఉంది, పార్టీలు అప్పటికే ఫోన్లు మొదలుపెట్టారు.

ముసలామె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మాట తూలుతోంది గాని తెలివి నిక్షేపంగా ఉంది. చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు రాసినావు కదా బావూ, మల్లా సదవడమేటి? నా పేరు, దీని పేరు, ఇల్లు, మూడూ ఉన్నాయా నేవా? అది సెప్పు.”

ఆ మూడూ చదివాను. హద్దులు చదివాను. మిగతాది చదవలేదు. ఆవిడ అడ్డుపడిందని అప్పుడు సర్దిచెప్పుకున్నాను గాని, జేబులో ఫోను మోగుతోంది, అదీ అసలు సంగతి. వేలిముద్ర వేయించాను. సాక్షులకు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. రెండో గీత ఖాళీగా ఉందన్న నమ్మకంతోనే చూపించాను. జెరాక్సాయన నిలబడే, వాలి, తన పెద్ద సంతకం గీసేశాడు. దాని కింద సన్న అక్షరాల్లో బాబాయి పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ముగ్గురిలో ఒక్కరం కూడా చూడలేదు. నేను ‘దస్తూరి’ అన్నచోట, అంటే రాసినవాడి చోట, సంతకం చేసి ఫోను ఎత్తాను. ఎనిమిది రోజులకు ముసలామె పోయింది.

మరిది కొడుకులు దావా వేశారు. వీలునామా నకలు వాళ్ళ వకీలు చేతికి వెళ్ళాక, బాబాయి మరణ ధ్రువపత్రం సంపాదించడం ఎంతసేపు? వీలునామా రాసిన తేదీకి రెండో సాక్షి చనిపోయి రెండు నెలలు దాటింది. కాబట్టి ఈ కాగితం ముసలామె పోయాక పాత తేదీ వేసి పుట్టించిన దొంగ కాగితమని వాళ్ళ వాదన. ఆ సంగతి చెప్పడానికి ఆమె గదికి వచ్చిన రోజు నేను వెంటనే స్టార్టప్ ఫోల్డరు తెరిచాను. అందులో ‘సాక్షి రెండు’ ముందు ఏ గుర్తూ లేదు. ఆమెకు చూపించి చెప్పాను, తప్పు నాదేనని. ఆమెకు తెరమీద ఏం అర్థమవుతుంది?

“ఆ ముక్కే జెడ్జీగారికి సెప్పు బావూ. సాలు” అంది.

వీధిలో అందరూ సలహాలిచ్చారు. కంప్యూటరు తప్పని చెప్పు, అంతకుమించి నోరు విప్పకు అన్నారు. బల్లమీది పెద్దాయన ముందుగా సాక్ష్యం చెప్పాడు. భయపడి, తను సంతకం పెట్టాను గాని పక్కన ఎవరు పెట్టారో గమనించలేదన్నాడు. జెరాక్సాయన అప్పటికే షాపు ఎత్తేసి సాలూరులో లారీ ఆఫీసుకు గుమస్తాగా వెళ్ళిపోయాడు. సమన్లు వెళ్ళినా రాలేదు. ఇక మిగిలింది నేను.

బోనులో నకలు ఫైలు, స్టార్టప్ ఫైలు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలనుకున్నాను. ఎదుటి వకీలు రెండు వాక్యాలు విని చెయ్యి ఎత్తాడు.

“అంటే కంప్యూటరు తప్పంటారు. దాన్ని బోనెక్కించమంటారా?”

కోర్టు హాల్లో నవ్వారు.

“వీలునామాలో ‘చదివి వినిపించగా విని’ అని ఉంది. మీరు చదివి వినిపించారా?”

నిజం చెబితే, చదవలేదు అనాలి. అలా అంటే కాగితంలో ఉన్నది అబద్ధమని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. మంచాన పడ్డ ముసలామెకు చదివి వినిపించని వీలునామాకు విలువేముంటుంది? మిల్లులో పనిచేసే ఆమె మూలన గోడకు ఆనుకుని నిలబడి నన్నే చూస్తోంది. ఆమె ఇల్లు నిలబెడుతున్నాననే అనుకున్నాను. నా పరువు కూడా కాచుకుంటున్నానని అప్పుడు ఒప్పుకోలేదు.

“చదివాను” అన్నాను.

“మొదటి నుంచి చివరి దాకా?”

“చివరి దాకా.”

“సాక్షుల పేర్లతో సహా?”

నా చూపు మూలనున్న ఆమె మీదకు పోయింది.

“మీరు స్వయంగా శ్మశానానికి వెళ్ళి సాగనంపిన మనిషి పేరు, రెండు నెలల తర్వాత మీ నోటితో మీరే పైకి చదివారు. మీకు ఏమీ అనిపించలేదు. అంతేనా?”

అప్పుడైనా, పేర్లూ హద్దులే చదివానయ్యా, ఆవిడే వద్దంది అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఓడినా నిజం చెప్పి ఓడిపోయేవాళ్ళం. తీర్పులో నా సాక్ష్యం నమ్మదగింది కాదని రాశారు. వీలునామా చెల్లలేదు.

పై కోర్టుకు వెళదామని వకీలు అన్నాడట. ఆమె వద్దంది. మిల్లులో సెలవు పెట్టి తిరిగే ఓపిక లేదంది. మరిది కొడుకులు, ఇల్లు ఖాళీ చేసి అప్పగిస్తున్నట్టు ఒక కాగితం రాసివ్వమన్నారు. ఆ కాగితానికి ఆమె నా గదికే వచ్చింది. ఈ వీధిలో పది గదులున్నాయి. ఏ గుమ్మంలోకి వెళ్ళినా సరిపోయేది. ఇక్కడికే ఎందుకు వచ్చావని అడిగే మొహం నాకు లేదు. మరిది కొడుకుల మనుషులిద్దరు సాక్షులుగా వచ్చి బయట బల్లమీద కూర్చున్నారు.

మాక్రో నొక్కలేదు. ఖాళీ పేజీ తెరిచి ఒక్కొక్క మాటే టైపు చేశాను. వేళ్ళకు అలవాటు తప్పి తప్పులు పడ్డాయి, దిద్దుకున్నాను. బయటివాళ్ళను అడిగి పేర్లు వేశాను. రెండు పేజీలు వచ్చాయి. ఆమె ముందు పెట్టి సిరా డబ్బా మూత తీశాను.

“సదువు బావూ” అంది. “మొత్తం సదువు.”

చదివాను. ఆమె పేరు, వయసు, మిల్లులో పనిచేస్తున్న సంగతి, ఇంటికి నాలుగు వైపులా ఎవరున్నదీ, ఆ ఇంటిమీద తనకుగాని తన తరఫువారికిగాని ఏ హక్కూ లేదన్నదీ, ఇకముందు ఏ తగాదా పెట్టనన్నదీ, బయట కూర్చున్న ఇద్దరి పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఆఖరున నా పేరు. మధ్యలో ఎవరో పార్టీ గుమ్మంలో నిలబడితే కూర్చోమని చేత్తో సైగ చేశాను. రెండు చోట్ల ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. ఆమె తల వంచుకుని, కొంగు చివర పట్టుకుని, ఒక్క ముక్క పోనివ్వకుండా వింది.

అయిపోయాక తలెత్తింది.

“మొత్తం సదివితే ఇంతసేపేనా బావూ?”

“ఇంతసేపేనమ్మా” అన్నాను. బొటనవేలు సిరాలో అద్దింది.