కెమెరాకు తగిలించిన అంగీ

పత్తి మిల్లులో పనిచేసే ఆడవాళ్లను దూరం నుంచి చూస్తే మగవాళ్లనుకుంటారు. చీర మీద మొగుడి పాత అంగీ, తలకు తువ్వాల, మూతికి గుడ్డ. అలా కట్టుకోకపోతే దూది నూగు ఒళ్లంతా పట్టి గోక్కోలేక చావాలి. మా అమ్మ ఏళ్ల తరబడి ఆ వేషంలోనే పనిచేసింది. బాపు అంగీల్లో ఒక్కటి కూడా ఆయన ఒంటి మీద చిరగలేదని ఇంట్లో నవ్వుకునేవాళ్లం.

తెలంగాణ వచ్చిన కొత్తలో నా డిగ్రీ అయిపోయింది. సర్కారు నౌకరీకి ఎదురుచూసి విసిగిపోయి, చివరికి అమ్మ పనిచేసే మిల్లులోనే కంప్యూటర్ ముందు కూర్చునే పనిలో చేరాను. మా ఊరు కేతేపల్లి నుంచి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లేవాళ్లం. గేటు దాటాక ఆమె షెడ్డుకు, నేను ఆఫీసు గదికి. తన బిడ్డ కుర్చీలో కూర్చుని పనిచేస్తుందని ఆటో ఎక్కిన ప్రతి మనిషికీ అమ్మ చెప్పేది. నాకు సిగ్గేసేది. లోపల మురిసిపోయేదాన్ని కూడా, అబద్ధమెందుకు.

ఆ ఏడు పత్తి రాక మొదలవగానే సేటు మిల్లంతా కెమెరాలు పెట్టించాడు. గేటు దగ్గర, కాంటా దగ్గర, షెడ్డులో. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత షెడ్డు వెనక చిన్న గదిలో కూడా ఒకటి బిగించారు. ఆడవాళ్లు పొద్దున చీరలు మార్చుకునేది, సాయంత్రం నూగు దులుపుకునేది, చంటిపిల్లల తల్లులు పాలిచ్చేది ఆ గదిలోనే. అంగీల కింద దూది దాచుకుపోతున్నారని సేటు అనుమానం. బట్టలు వేసుకునే దండెం కెమెరాకు అడ్డమొస్తోందని దాన్నీ తెంపించాడు. దొంగతనం జరిగితేనే తీసి చూస్తామని గుమాస్తా చెబితే పాపం వాళ్లు నమ్మారు.

నిజానికి ఆ గదిలో జరిగేదంతా అప్పటికప్పుడు నా ముందున్న తెర మీదికి, సేటు ఫోన్‌లోకి వచ్చేది. ఎవరు ఎంతసేపు లోపల ఉన్నారో చూసి చెప్పడం నా పనుల్లో ఒకటైంది. మొదటి రోజు తెర మీద కనబడింది మా అమ్మే. కుచ్చిళ్లు విప్పుతోంది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. తర్వాత దాని మీద ఇంకో ఫైలు తెరిచి పెట్టుకుని, రెండు రోజులు ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. కొత్త ఉద్యోగం, పోగొట్టుకోవాలని లేదు. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రెండో రోజు సాయంత్రం ఆటో దిగి ఇంటికి నడుస్తుంటే అమ్మే అడిగింది.

“గా గదిల కెమెరా ఎవలు జూస్తరే?”

“నా కంప్యూటర్ల వస్తది.”

“నువ్వొక్కదానివేనా?”

“సేట్ ఫోన్ల గూడ వస్తదమ్మా.”

అమ్మ ఇంటికి రాగానే బాపు నీలం గళ్ల అంగీ వెతికి అన్నం సంచిలో పెట్టుకుంది.

మర్నాడు తెర మీద గది కనబడలేదు. నీలం గళ్లు కనబడ్డాయి. కాసేపటికి గళ్లు కూడా పోయి చీకటైంది. అమ్మ కెమెరాకు అంగీ తగిలిస్తే, మిగతావాళ్లు ఇంటి నుంచి కట్టుకొచ్చిన చీరలన్నీ దాని మీదే వేశారట. అంత చిన్న కెమెరా అంత బరువు ఎలా మోసిందో!

సేటు ఫోన్ పట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చాడు.

“గా గది రికార్డింగ్ ఎనుకకు తిప్పు. ఎవతి పనో జూద్దాం. రేపటి సంది రావొద్దని చెప్త.”

తిప్పితే అమ్మ పని పోతుంది. తిప్పకపోతే నాది పోతుంది.

“తిప్పే పనిలేదు సేట్. తగిలిచ్చింది మా అమ్మ. అంతకుముందు దినాలయి గూడ అండ్లనే ఉన్నయి. మా అమ్మ చీర విప్పుడు, పిల్లతల్లులు పాలిచ్చుడు. మీరు జూసిండ్రా?”

సేటు చూశానని చెప్పలేడు. చూడలేదంటే మరి ఆ కెమెరా ఎందుకు? నన్నొకసారి గుర్రుగా చూసి షెడ్డు వైపు నడిచాడు. నేనూ వెంటే వెళ్లాను.

అమ్మ గది గుమ్మంలో నిలబడి ఉంది. వెనక మిగతా ఆడవాళ్లంతా.

“దండెం తెంపిస్తిరి. గోడకు ఒక్క మొల గూడ లేకపాయె. బట్టలు యాడ తగిలియ్యాలె సేట్? గిదొక్కటే కనవడ్డది,” అంది అమ్మ, ఏమీ తెలియనట్టు.

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు.

“దూది పోతాందని ఫికరుంటే గేటుకాడ ఒక ఆడమనిషిని పెట్టుండ్రి. అంగీలు దులిపి చూపిస్తం. గీడ మాత్రం కెమెరా ఉంటే మేం ఉండం.”

బయట పత్తి కుప్పలుగా పడి ఉంది. వీళ్లంతా ఇంటికి పోతే మిల్లు ఆగిపోతుందని సేటుకు తెలుసు. మధ్యాహ్నానికల్లా కెమెరా ఊడింది, కొత్త దండెం కట్టారు. కంప్యూటర్‌లో ఉన్నదంతా నేనే చెరిపేశాను. ఫోన్‌లోవి కూడా చెరిపెయ్యమని అడిగితే, సేటు మొహం మాడ్చుకుని మా అందరి ముందే చెరిపాడు. పాత అంగీల్లో, తలగుడ్డల్లో నిలబడ్డ ఆ ఆడవాళ్లను చూస్తుంటే గర్వంతో నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో వేరే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఫోన్‌లో ఏ యాప్ వేసుకొమ్మన్నా, అది ఏం చూస్తుంది, ఎవరు చూస్తారు అని ముందే అడుగుతాను. పైవాళ్లకు నేనంటే తలనొప్పి. ఉండనీ.

కెమెరా ఊడిన ఆ సాయంత్రం ఆటోలో అమ్మ పక్కన కూర్చుని, ఆ రెండు రోజుల సంగతి చెప్పేశాను. తెర మీద ఆమె కనబడగానే కళ్లు మూసుకున్నానని, భయపడి ఊరుకున్నానని. అమ్మ అంగీ మీది నూగు దులుపుతూ విన్నది.

“కండ్లు ఎవలైన మూసుకుంటరు బిడ్డా. ఇయ్యాల నోరు తెరిసినవ్ సూడు,” అంది. తర్వాత ఎదురుగా కూర్చున్న ముసలామె వైపు తిరిగి, రోజూ చెప్పే మాటే ఇంకాస్త గట్టిగా చెప్పింది.

“గీమె నా బిడ్డ. ఆఫీసుల పనిచేస్తది.”